మూడుసార్లు తీరం దాటిన ఫ్రెడ్డీ

కోనసీమలో పుట్టినవాళ్లకి "తుఫాను తీరం దాటింది" అన్న మాట చెవిన పడగానే ప్రాణం కుదుటపడుతుంది. కరెంటు పోయి, లాంతరు చుట్టూ చేరి రేడియో విన్న రోజుల నుంచీ నాకూ అంతే, దాటేసిందంటే ఇంక తెల్లారేసరికి తెరిపిస్తుందని నమ్మకం. 2023లో దక్షిణ హిందూ మహాసముద్రంలో ఫ్రెడ్డీ అనే తుఫాను చేసిన పని తెలిశాక ఆ ధీమా పోయింది.

భూమధ్యరేఖకి అవతల, మనం సంక్రాంతి చలిలో ఉన్నప్పుడు ఎండాకాలం. సముద్రం వేడెక్కి ఉంటుంది కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాళ్ల తుఫానుల సీజను. సుడి కూడా తిరగబడుతుంది, బంగాళాఖాతంలో గడియారం ముల్లుకి ఎదురు తిరిగేది అక్కడ ముల్లుతోపాటే తిరుగుతుంది.

ఫ్రెడ్డీకి పేరు పెట్టింది ఫిబ్రవరి 6న, ఆస్ట్రేలియా వాయవ్య తీరానికి అవతల. ఇలాంటివి చాలావరకు దక్షిణానికి మళ్లి చల్లటి నీళ్లలో చప్పబడిపోతాయి. దీనికి ఆ పక్క అధికపీడనం అడ్డుండటంతో పడమటికే సాగి, వేల కిలోమీటర్ల సముద్రం మొత్తం దాటేసింది. దారిలో మారిషస్‌కి ఉత్తరంగా, బాగా దగ్గర నుంచి పోయింది (ఒకప్పుడు మన కోరంగి రేవులో ఓడలెక్కి కూలికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్న దీవి అది). 21న మడగాస్కర్‌లో తీరం దాటింది, 24న ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్‌లో మళ్లీ దాటింది.

లెక్కప్రకారం అక్కడితో అయిపోవాలి. తుఫానుకి తిండి సముద్రపు ఆవిరే, ఆ ఆవిరి చల్లబడి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడితోనే అది బతుకుతుంది, నేల మీదికి వస్తే ఆ తిండి ఆగిపోతుంది. ఫ్రెడ్డీ కూడా నీరసించింది, కానీ పూర్తిగా చెదిరిపోకుండా వెనక్కి తిరిగి మొజాంబిక్ జలసంధిలోకి దిగింది, అక్కడి వెచ్చటి నీళ్లలో మళ్లీ బలం పుంజుకుని మార్చి 11న మొజాంబిక్‌లోనే కెలిమానె దగ్గర మూడోసారి తీరం దాటింది. మొత్తం 36 రోజులు! 1994లో పసిఫిక్‌లో వచ్చిన జాన్ తుఫాను పేరిట ఉన్న, అన్నిటికన్నా ఎక్కువ రోజులు నిలిచిన రికార్డు పోయిందని ప్రపంచ వాతావరణ సంస్థ 2024లో ఖాయం చేసింది.

నన్ను కలచివేసింది మాత్రం ఈ రికార్డు కాదు, మొజాంబిక్ పక్కనున్న మలావీ. ఆ దేశానికి అసలు సముద్రమే లేదు. తీరం దాటిన తుఫానులో గాలి త్వరగానే తగ్గుతుంది, మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికీ పోవు. మెల్లగా కదిలే తుఫానైతే ఆ నీళ్లన్నీ ఒక్కచోటే కుమ్మరిస్తుంది, ఎదురుగా కొండలుంటే తేమగాలి పైకి ఎగదన్ని వాన ఇంకా పెరుగుతుంది. దక్షిణ మలావీలో ఆరు నెలల వాన ఆరు రోజుల్లో పడింది. 679 మంది చనిపోయారు, గల్లంతైన 537 మందిని కూడా చనిపోయినట్టే లెక్కగట్టారు. అప్పటికే ఆ దేశం కలరాతో సతమతమవుతోంది.

గాలి వేగం ఎంత అని అందరం అడుగుతాం, తుఫాను ఎంత నెమ్మదిగా కదులుతోందో ఎవరూ అడగరు. మలావీలోని బ్లాంటైర్ నగరంలో సోచె కొండ కింద చిలోబ్వె అనే బస్తీ ఉంది. రాత్రిపూట, జనం నిద్రలో ఉండగా, బండరాళ్లతో సహా బురద ఆ ఇళ్ల మీదికి దిగింది. మార్చి 13న అక్కడివాళ్లు పారలతో, పారలు లేనివాళ్లు ఉత్త చేతులతో, తమవాళ్ల కోసం ఆ బురద తవ్వుతూ ఉన్నారు. అప్పటికి ఫ్రెడ్డీ తీరం దాటి ఒక రోజుకి పైనే గడిచిపోయింది.