ఆడకుక్కకు ఒక్క ఈతైనా కావాలా?

ఒక్కసారైనా పిల్లలు పెట్టకపోతే ఆడకుక్క ఆరోగ్యం పాడవుతుందని చాలా ఇళ్లలో గట్టి నమ్మకం. దాంతో పిల్లలు పుట్టకుండా అండాశయాలు, గర్భసంచి తీసేసే ఆపరేషన్ ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. ఆ నమ్మకానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు సరికదా, అలా వాయిదా వేసే కొద్దీ ఒక ప్రాణాంతకమైన జబ్బుకు దారి తెరిచినట్టవుతుంది. దాని పేరు పయోమెట్రా, అంటే గర్భసంచి చీముతో నిండిపోవడం.

ఆడకుక్క ఇంచుమించు ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది. మగకుక్కతో కలిసినా కలవకపోయినా, ఎద ముగిశాక దాదాపు రెండు నెలలు దాని అండాశయాల నుంచి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ వస్తూనే ఉంటుంది. కడుపులో పిల్లలున్నా లేకపోయినా గర్భసంచి మాత్రం వాటి కోసం సిద్ధమవుతుంది. లోపలి పొర మందమవుతుంది, స్రావాలు ఊరతాయి, కండరాల కదలిక తగ్గుతుంది, అక్కడి రోగనిరోధక శక్తి నెమ్మదిస్తుంది. పిండాన్ని కాపాడే ఈ ఏర్పాట్లే, పిండం లేనప్పుడు బ్యాక్టీరియాకు కలిసొస్తాయి. ఎద సమయంలో లోపలికి చేరిన ఈ-కోలై అక్కడే పెరుగుతుంది. ఎద తర్వాత ఎద గడిచేకొద్దీ, వయసు పైబడేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు ఈ ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువగా ఉన్న స్వీడన్‌లో బీమా రికార్డులు పరిశీలిస్తే, పదేళ్లు నిండేలోపు సుమారు నాలుగింట ఒక వంతు ఆడకుక్కలకు పయోమెట్రా వచ్చినట్టు తేలింది.

ఎద అయిపోయిన ఒకటి రెండు నెలలకు కుక్క నీళ్లు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసి ముడుచుకుని పడుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. గర్భాశయ ద్వారం మూసుకుపోతే చీము బయటికి కనిపించదు, అదే మరీ ప్రమాదం. అప్పుడైనా చేసేది గర్భసంచి తీసే ఆపరేషనే. కాకపోతే ఒంట్లోకి విషం ఎక్కి, కిడ్నీలు దెబ్బతింటున్న పెద్ద వయసు కుక్కకు చేయాల్సి వస్తుంది.

చిన్న వయసులో ఆపరేషన్ చేస్తే రొమ్ము కేన్సర్ రాదని కూడా చెబుతుంటారు. 1969లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం దీనికి మూలం. తర్వాతి సమీక్షల్లో ఆ ఆధారాలు అంత గట్టివి కావని తేలింది. అందుకే నా దృష్టిలో అసలు కారణం పయోమెట్రాయే.

అలాగని మరీ తొందరా పనికిరాదు. ఎముకలు పెరగడం ఎప్పుడు ఆగాలో చెప్పేవి సెక్స్ హార్మోన్లే. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ శాస్త్రవేత్తలు 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు చూశారు. ఏడాది నిండకముందే వృషణాలు తీసేసిన మగవాటిలో 10 శాతానికి తుంటి కీలు లోపం కనిపించింది. తీయనివాటిలో అది అందులో సగమే. అదే బృందం 2020లో 35 జాతులను పరిశీలిస్తే, చిన్న జాతుల్లో కీళ్ల బెడద పెరగలేదు. పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి ఆపరేషన్ తర్వాత నిద్రలో మూత్రం కారుతుంది, దానికి మందులున్నాయి.

మగకుక్క విషయంలో ఇంత తొందర లేదు. ఆపరేషన్‌తో గేటు దాటి తిరగడం, కనిపించిన చోటల్లా మూత్రం పోయడం చాలావరకు తగ్గుతాయి. భయంతో కరిచే కుక్క మాత్రం దీనితో మారిపోదు, దానికి శిక్షణే కావాలి.

చిన్న జాతి ఆడకుక్కకైతే ఆరు నెలల వయసులో, మొదటి ఎదకు ముందే చేయించవచ్చు. లాబ్రడార్ లాంటి వాటికి ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే ఏడాది దాటేదాకా ఆగడం మేలు. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి, అది ముగిశాక రెండు మూడు నెలలు ఆగి తేదీ తీసుకోండి. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. గిన్నెలో తిండి ఎంత తగ్గించాలో కుట్లు విప్పేరోజే డాక్టరును అడిగి రాయించుకోండి.