దోమ గొంతులో ఏనుగులు

పిల్లలూ,

మీ డ్రాయింగు టీచరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. మొన్న ఫోన్ చేసి, "మాస్టారూ, మీ ఇష్టం వచ్చింది వెయ్యండర్రా అంటే క్లాసంతా ఒకే బొమ్మ వేశారండీ" అని గోల పెట్టింది. ఏ బొమ్మో తను చెప్పక్కర్లేదు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. కొండల సందులోంచి ఒక ఏరు. ఒడ్డున ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో అంకె మూడుని పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు. అవునా?

మీ తప్పు కాదు లెండి. మాది గోదావరి లంకల పక్క ఊరు. మేడెక్కి చూసినా కొండన్నది కనపడదు. అయినా నా సర్వీసంతా మా బడి పిల్లలు కొండలే వేశారు. అసలు నా ఎనిమిదో తరగతి డ్రాయింగు పుస్తకంలోనూ అవే ఉన్నాయి. ఇష్టం వచ్చింది వెయ్యమంటే చెయ్యి అలవాటైన దారినే పోతుంది, సాయంత్రం గేదె తోలకుండానే ఇంటికి పోయినట్టు. అందుకని నేనో ఖాళీ హార్లిక్సు సీసా పెట్టాను. దాని నిండా చీటీలు. క్లాసుకొకరు వచ్చి ఒక చీటీ తియ్యాలి, అందులో ఏముంటే అందరూ అది వెయ్యాలి.

ఈ కిటుకు నేను కనిపెట్టింది కాదు. మీలో ఎవరైనా అవధానం చూశారా? వేదిక మీద అవధాని కూర్చుంటే చుట్టూ పృచ్ఛకులు కూర్చుని రకరకాల చిక్కులు పెడతారు. ఒకాయన సమస్య ఇస్తాడు, అంటే అర్థంపర్థం లేనట్టుండే పద్యపాదం ఒకటి. మిగిలిన పాదాలు అవధాని చెప్పి దానికి అర్థం వచ్చేలా చెయ్యాలి. ఇంకొకాయన దత్తపది అని పొంతన లేని నాలుగు మాటలిచ్చి, నాలుగూ పద్యంలో రావాలంటాడు. నిషిద్ధాక్షరి ఇచ్చే ఆయన మరీ ఘోరం. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం వస్తుందో ఊహించి అది వాడకూడదని అడ్డం పడతాడు. నాకు చిన్నప్పుడు ఆయన మీద ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, తేలిగ్గా పోయే దారి ఆయన మూసేస్తేనే అవధాని కొత్త దారి వెతుక్కుంటాడని. నా సీసాలో చీటీలు ఆ పృచ్ఛకులే అనుకోండి.

తెనాలి రామకృష్ణుడికి ఎవరో ఇచ్చారని చెప్పుకునే సమస్య ఒకటుంది: ఏనుగుల మంద దోమ గొంతులోకి దూరిందని. ఆయన దాన్ని పాండవుల మీదికి తిప్పాడు. అంత గొప్పవాళ్ళు విరాటరాజు కొలువులో ఊడిగం చెయ్యాల్సి వచ్చింది, ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమంటే అదే కదా అన్నాడట. ఒక శనివారం ఆఖరి పీరియడులో ఏడో తరగతికి ఆ చీటీ వచ్చింది. చాలామంది మేడంత దోమని, చీమలంత ఏనుగుల్ని వేశారు. బాగానే ఉన్నాయి, కానీ అలా అయితే చిక్కు విప్పినట్టు కాదు, దాటేసినట్టు. ఆఖరి బెంచీలో ఒకడు మాత్రం కిటికీ ఊచ మీద వాలిన దోమని వేశాడు. కాళ్ళ మీద నూగుతో సహా పెద్దగా, కాగితంలో సగం. కిటికీ అవతల చెరువు, చెరువు అవతలి గట్టు మీద బియ్యపు గింజంత ఏనుగులు వరసగా నడుస్తున్నాయి. ముందున్న ఏనుగు సగం దోమ మెడ వెనకకి వెళ్ళిపోయింది. ఇదేమిట్రా అంటే, "దోమ నా కంటి ముందుంది సార్, ఏనుగులు దూరంగా ఉన్నాయి" అన్నాడు.

పర్‌స్పెక్టివ్ పాఠం కోసం, అంటే దగ్గరవి పెద్దగా, దూరమైనవి చిన్నగా వెయ్యడం నేర్పడానికి, రెండు వారాలు స్కేలు పెట్టి రైలు పట్టాలు గీయించాలని ప్లాను వేసుకున్నవాణ్ణి నేను. ఆ రోజు ఆ కాగితం బోర్డుకి అంటించి ఊరుకున్నాను.

అన్ని చీటీలూ పనిచెయ్యలేదు. 'సంతోషం' అని రాసి వేశానొకసారి. బెలూన్లు, కేకు, కొవ్వొత్తులు. 'పర్యావరణం' అంటే భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు, పైన ఒక మొక్క. పోటీలకి టాపిక్ ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఇలాంటివే ఇస్తారు, ఎందుకో మరి. పెద్ద మాటకి బొమ్మ ముందే అచ్చుపోసి ఉంటుంది, మనం చూడకుండానే వేసేస్తాం. సంతోషం చీటీ తీసేసి, 'మీ ఇంటి గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు, లోపల ఎవరున్నారో తెలియాలి' అని రాశాను. ఒక పిల్ల నాలుగు జతలు వేసింది. ఒక జత గోడ వారగా బుద్ధిగా ఉంది, తాతగారిది. ఒకటి స్కూలు బూటు, రెండోది ఎక్కడో బోర్లా పడింది. అమ్మ చెప్పుకి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. నాలుగో జత ఎవరిదని అడిగాను. మడమ ఎత్తు, మెరుపు పువ్వు. "పిన్ని వచ్చింది సార్" అంది. మొహం చూడాలి అప్పుడు! సంతోషం చీటీకి నాకు రాని బొమ్మ అదే.

మీరు ఇంట్లోనూ ఆడుకోవచ్చు. దత్తపదికి నాలుగు మాటలు మీ తమ్ముణ్ణో చెల్లెల్నో చెప్పమనండి. చీపురు, ఏనుగు, వాన, సెల్‌ఫోన్ అన్నారనుకోండి, నాలుగూ ఒకే బొమ్మలో ఇరికించినట్టు కాకుండా ఇమడాలి. నిషిద్ధానికైతే నా దగ్గర రెండున్నాయి. రబ్బరు నిషిద్ధం ఒకటి. రెండోది, కాగితం వంక చూడటం నిషిద్ధం. మీ ఎడమ చెయ్యి చూస్తూ, పెన్సిలు ఎత్తకుండా, నెమ్మదిగా అంచు వెంట గీసుకుపోవాలి. అల్లం కొమ్ములా వస్తుంది, నవ్వుకోండి. ఆ తర్వాత వేలి కణుపు దగ్గర ముడతలు చూడండి. అవి మాత్రం మీరు చూసి వేసినవి.

చీటీ విప్పగానే పెన్సిలు పట్టుకోకండి. మొదట తట్టింది పక్కవాడికీ తట్టే ఉంటుంది. రెండోది కూడా వదిలెయ్యండి, మూడోదాకా ఆగండి. ఏనుగు కాలు ఎలా మడుస్తుందో తెలియకపోతే ఫోన్‌లో చూడండి, చూసి ఫోన్ మూసెయ్యండి. పక్కన పెట్టుకుని వేస్తే అది కాపీ.

చీటీ ఇచ్చేవాళ్ళు లేకపోతే గోడ చాలు. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో లియొనార్డో డావిన్చీ చిత్రకారులకి అదే చెప్పాడు, మరకలు పడ్డ గోడల వంక చూస్తూ ఉండండి, కొండలూ నదులూ యుద్ధాలూ మొహాలూ కనిపిస్తాయని. మా బడిలో వానాకాలం గోడలకి చెమ్మ దిగేది. హెడ్మాస్టరు సున్నం వేయిస్తానంటే, మా ఏడో తరగతి గోడ వదిలెయ్యండి సార్ అని బతిమాలుకున్నాను.

ఈ కవర్లో పదిహేను చీటీలు పెట్టాను. నా చేతిరాత అర్థం కాకపోతే మీ టీచర్నడగండి, తనకి అలవాటే. ఒకటి మాత్రం ఇక్కడే ఇస్తున్నాను: మీ బడిలో రోజూ బెల్లు కొట్టే మనిషి. మొహం వెయ్యకూడదు, బడిలో అందరూ గుర్తుపట్టాలి.

వేసినవి వాట్సాప్‌లో పెట్టకండి, ఫోటోలో పెన్సిలు గీత నా కళ్ళకి ఆనదు. మడత పెట్టకుండా పోస్టులో పంపండి.

ఉంటాను,
మీ టీచరుగారి డ్రాయింగు మాస్టారు