రోజుకు ఒక్క చుట్టు తిరిగే అక్షం ఎందుకు పట్టేస్తుంది?

నక్షత్రాల లెక్కన భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అంతే వేగంతో టెలిస్కోపును భూమికి ఎదురు దిశలో తిప్పగలిగితే, నక్షత్రం కెమెరాలో ఒకేచోట నిలుస్తుంది. టెలిస్కోపును మోసి తిప్పే పీఠమే మౌంటు, మోటారు మౌంటు చేసే ముఖ్యమైన పని ఇదే. వినడానికి తేలికే గానీ, ఆ వేగం ఎంత తక్కువో ఒకసారి లెక్క వేసి చూడండి. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇరుసు రోజుకు ఒక్క చుట్టు తిరిగితే, దాని అంచు సెకనుకు ఒకటిన్నర మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే జరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు జరగడానికి 11 నిమిషాల పైన పడుతుంది. అక్షం బిగుసుకోవడం అనే జబ్బు మూలాలన్నీ ఈ నిదానంలోనే ఉన్నాయి.

ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచడానికి కావలసిన బలం కంటే ఎక్కువ. బీరువా జరిపేటప్పుడు ఇది అందరికీ అనుభవమే. నెడుతుంటే కదలదు, ఇంకాస్త బలం పెట్టగానే ఒక్కసారిగా జానెడు జరిగి ఆగుతుంది, మళ్లీ మొదటినుంచి నెట్టాలి. బిగుసుకున్న అక్షంలోనూ ఇదే జరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, అక్షం మాత్రం కదలదు. ఆ తిరుగుడంతా బెల్టు సాగడంలో, గేర్లు కొద్దిగా వంగడంలో పోగవుతుంది. పోగైన బలం స్థైతిక ఘర్షణను, అంటే ఆగి ఉన్నదాన్ని కదలనివ్వని ఘర్షణను, దాటిన క్షణాన అక్షం ముందుకు దూకుతుంది. ఎంత దూకుతుంది? 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గేరు చక్రం అంచున ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) కోణం అంటే మైక్రానులో పావు వంతు. అంటే అర మైక్రాను దూకుడు చాలు, ఫోటోలో నక్షత్రం గుండ్రంగా కాక సాగినట్టు కనపడడానికి.

వేగంగా తిరిగే యంత్రాల్లో ఈ బాధ ఇంతగా ఉండదు. తిరుగుడు వేగానికి నూనె రెండు లోహపు ముఖాల మధ్యకు లాగబడి పొరగా నిలుస్తుంది, లోహం లోహాన్ని తాకదు. వేగం తగ్గేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. చివరికి లోహం లోహాన్ని రాసుకునే దశ వస్తుంది, అక్కడ ఘర్షణ పెరుగుతుంది. జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో బేరింగుల మీద ప్రచురించిన కొలతలు ఈ సంగతిని స్పష్టంగా చూపించాయి. వేగంతో పాటు ఘర్షణ ఎలా మారుతుందో చూపే, ఆయన పేరుతో పిలిచే వక్రరేఖలో వేగం దాదాపు సున్నాగా ఉండే ఎడమ చివర ఒకటుంది. నక్షత్రం వెంట నడిచే మౌంటు రాత్రంతా ఆ చివరే గడుపుతుంది. అందుకే ఇక్కడ మోటారు బలం పెంచడం మందు కాదు. బలమైన మోటారు కూడా అక్షాన్ని దూకిస్తుందే తప్ప నున్నగా నడిపించలేదు.

పెద్ద టెలిస్కోపులు కట్టినవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. పాలోమార్ పర్వతం మీద 1948లో ప్రారంభమైన 200 అంగుళాల హేల్ టెలిస్కోపులో కదిలే భాగం బరువు సుమారు 530 టన్నులు. అంత బరువూ ఒత్తిడితో పంపే నూనె పొర మీద తేలుతుంది. అక్షం నిలిచిపోయినా ఆ పొర చెదరదు, ఎందుకంటే దాన్ని నిలబెడుతున్నది వేగం కాదు, పంపు. అందువల్లే దాన్ని నక్షత్రాల వెంట నడిపించడానికి హార్స్‌పవర్‌లో 12వ వంతు మోటారు సరిపోయింది. మన బల్ల మీద పట్టే మౌంట్లలో ఆ పంపు ఉండదు. ఉన్నవల్లా బేరింగులు, కాస్త గ్రీజు, సరైన బిగింపు. ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పినప్పుడే అక్షం పట్టేస్తుంది.

పట్టేసిందని ఎలా తెలుస్తుంది? ఆకాశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వేగంగా తిప్పేటప్పుడు మోటారు కీచుమంటుంది, లేదా గొంతు మారుతుంది. చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటారు వేగం పెరిగేకొద్దీ దాని తిప్పే బలం తగ్గిపోతుంది. అందుకే రాత్రంతా మెల్లగా నడిచిన మౌంటు కూడా వేగంగా తిప్పగానే చతికిలబడుతుంది. ఎన్‌కోడర్ (తిరిగిన కోణాన్ని కొలిచే పరికరం) లేని స్టెప్పర్‌కు తాను అడుగులు తప్పానని తెలియదు. మౌంటు తాను ఒకచోట ఉన్నాననుకుంటుంది, టెలిస్కోపు ఇంకెక్కడో చూస్తుంటుంది. గైడింగ్ చేసేవాళ్లకు, అంటే ఒక నక్షత్రాన్ని కెమెరాతో గమనిస్తూ మౌంటుకు సవరణలు పంపేవాళ్లకు, ఇంకో గుర్తు కనపడుతుంది. డెక్లినేషన్ అక్షానికి (టెలిస్కోపును ఉత్తర, దక్షిణాలకు తిప్పేదానికి) సవరణ మీద సవరణ పంపినా గ్రాఫ్ కదలదు, తర్వాత ఒక్కసారిగా అవతలి వైపుకు దాటిపోతుంది. భూమి తిరుగుడుకు ఎదురుగా నడిచే ధ్రువ అక్షం ఒకే దిశలో ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి కొంత నయం. డెక్లినేషన్ అక్షం ఎక్కువసేపు ఊరికే ఆగి ఉండి, అప్పుడప్పుడు కొద్దిగా, అదీ ఒక్కోసారి వెనక్కి కదలాలి. స్థైతిక ఘర్షణ దెబ్బంతా దానికే తగులుతుంది.

ఇక్కడ చాలామంది తొందరపడి గ్రీజు డబ్బా తీస్తారు. నా దృష్టిలో మరమ్మతులో సగానికి పైగా పని బిగువు ఎక్కడుందో కనుక్కోవడమే. ముందుగా తేలికైనవి చూడాలి. కేబుల్ ఎక్కడైనా పట్టి లాగుతోందా, అక్షాన్ని గేర్లతో కలిపే, విడదీసే క్లచ్ సగం బిగిసి ఉందా, బరువులు సరిగ్గా తూగుతున్నాయా. ఆ తర్వాత పవర్ తీసేసి, మొదట టెలిస్కోపును, తర్వాతే ఎదురు బరువులను దించాలి. ఈ వరుస మారిస్తే బరువైన గొట్టం ఒక్కసారిగా కిందికి తిరిగి పడుతుంది.

ఇప్పుడు క్లచ్ వదిలి అక్షాన్ని చేత్తో తిప్పి చూడాలి. ఇది మంచి పరీక్షే గానీ, దాని జవాబును జాగ్రత్తగా చదవాలి. చాలా మౌంట్లలో క్లచ్ వదిలినప్పుడు వార్మ్ చక్రం, అంటే అక్షాన్ని తిప్పే పళ్ల చక్రం, కదలదు, ఎందుకంటే దాని పళ్లలో ఆనుకుని మోటారుతో తిరిగే వార్మ్ స్క్రూ దాన్ని పట్టి ఉంచుతుంది. ఇరుసు ఆ చక్రం రంధ్రంలో జారుతూ తిరుగుతుంది. క్లచ్ బిగించాక మాత్రం ఇరుసు, చక్రం కలిసి తిరుగుతాయి, వాటి మధ్య జారుడే ఉండదు. కాబట్టి ఆ రంధ్రంలో గ్రీజు గట్టిపడితే అక్షం చేతికి బిగువుగా తగులుతుంది, కానీ మోటారు నడకకు దానివల్ల నేరుగా నష్టం లేదు. నష్టం ఇంకో దారిన వస్తుంది. బిగువైన అక్షం మీద బరువులు తూచలేం. ఎటు వదిలినా అక్కడే నిలబడుతుంది కాబట్టి తూగినట్టే అనిపిస్తుంది. ఆ తప్పుడు తూకం భారమంతా తర్వాత మోటారు మోస్తుంది.

వార్మ్ వైపు పరీక్ష ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మోటారు గేరును లేదా బెల్టును విడదీసి, క్లచ్ బిగించి, వార్మ్‌ను రెండు వేళ్లతో తిప్పాలి. క్లచ్ బిగించి ఉండగా ఎప్పుడూ అక్షాన్నే పట్టుకుని తిప్పకూడదు. వార్మ్ చక్రాన్ని తిప్పగలదు గానీ, చక్రం వార్మ్‌ను తిప్పలేదు, బలం పెడితే పళ్లు దెబ్బతింటాయి. వార్మ్‌ను తిప్పుతున్నప్పుడు వేళ్లకు తెలిసే బిగువు ఎన్ని తిప్పులకు ఒకసారి వస్తోందో గమనిస్తే అది ఎక్కడుందో దాదాపు తేలిపోతుంది. వార్మ్ ఒక తిప్పుకు ఒకసారి గట్టిగా తగిలితే వార్మ్ ఇరుసు వంకర పోయి ఉండాలి, లేదా దాని చివరి బేరింగులో లోపం ఉండాలి. 180 పళ్ల చక్రమైతే 180 తిప్పులకు ఒకసారి, అంటే అక్షం పూర్తి చుట్టులో ఒకేచోట బిగిస్తే, చక్రం పూర్తిగా గుండ్రంగా లేదు, లేదా నడిమధ్యలో కూర్చోలేదు, లేదా ఆ పంటి సందులో ఏదో ఇరుక్కుంది. చుట్టంతా ఒకేలా బరువుగా ఉంటే గ్రీజునో, బిగింపునో అనుమానించాలి. 180 తిప్పులూ చేత్తో తిప్పడం ఓపిక పని. కానీ ఆ ఓపిక మిగతా పనిలో ఎన్నో గంటలు మిగులుస్తుంది. అనవసరంగా విప్పిన ప్రతి భాగాన్నీ మళ్లీ సర్దాల్సి వస్తుంది మరి.

గ్రీజు అనేది చిక్కబరిచిన నూనె. అందులో ఎక్కువ భాగం నూనే, మిగిలింది ఆ నూనెను పట్టి ఉంచే సబ్బు లాంటి పదార్థం, చాలావాటిలో లిథియం సబ్బు. ఏళ్లు గడిచేకొద్దీ నూనె కారిపోయి, ఆరిపోయి, సబ్బు మైనంలా మిగులుతుంది. చలిలో ఉన్న నూనె కూడా చిక్కబడుతుంది. పగలు ఇంట్లో బాగా తిరిగిన అక్షం తెల్లవారుజామున మొరాయించడానికి ఇదొక కారణం. కొన్ని మౌంట్లలో మొదటినుంచే బంక లాంటి గ్రీజు ఉంటుంది. అది గేర్ల మధ్య ప్లేను (పళ్ల మధ్య ఉండే వదులును) చేతికి తెలియకుండా దాస్తుంది, తిరుగుడు పట్టులాగా నున్నగా ఉన్నట్టు భ్రమ పెడుతుంది. దాన్ని నేను సమర్థించలేను. కనపడే ప్లేను సర్దవచ్చు, దాచిన ప్లేను సర్దలేం.

పాత గ్రీజు మీద కొత్తది పూయడం వృథా. వేర్వేరు రకాల సబ్బులు కలిస్తే మిశ్రమం నీరుగారిపోవచ్చు, గట్టిపడనూవచ్చు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం ఇంకా చెడ్డది. కాసేపు తేలికగా తిరుగుతుంది, స్ప్రేలోని ద్రావకం ఆవిరయ్యాక మొదటికి వస్తుంది, పైగా కరిగిన మురికి బేరింగుల్లోకి దిగుతుంది. భాగాలు విప్పి కిరోసిన్‌తో కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మూత ఉన్న బేరింగులను మాత్రం అందులో ముంచకూడదు, లోపలి గ్రీజు కరిగిపోతుంది. తుడిచిన గుడ్డను పారేసే ముందు వెలుతురులో చూడండి. పసుపు రంగు మెరుపు కనపడితే అది ఇత్తడి లేదా కంచు పొడి, అంటే చక్రం పళ్లు అరుగుతున్నాయని. కొత్త గ్రీజు చలికీ వేడికీ పనిచేసేదై ఉండాలి. చాలా చిక్కనిది వద్దు. గ్రీజు చిక్కదనాన్ని గ్రేడు అంకెతో చెబుతారు, మామూలుగా దొరికే 2వ గ్రేడు ఎక్కువ వాతావరణాలకు సరిపోతుంది, బాగా చలి ప్రాంతాల్లో 1 నయం. పళ్ల మీద పలుచని పూత చాలు. ఎక్కువ రాస్తే మంచిదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. మిగిలిన గ్రీజు పక్కకు నెట్టబడి దుమ్మును పోగుచేస్తుంది.

గ్రీజు మార్చినా అక్షం వదులు కాలేదంటే అనుమానం బిగింపు మీదకు పోవాలి. ఇరుసు చివర ఉండే పెద్ద నట్టు బేరింగుల మీద ఎంత ఒత్తిడి పెట్టాలో నిర్ణయిస్తుంది. కోన్ ఆకారపు రోలర్ బేరింగులున్న మౌంట్లలో ఇది చాలా సున్నితం. నట్టు పావు చుట్టు తేడా కూడా అక్షాన్ని వదులు నుంచి బిగువుకు మార్చేస్తుంది. దీనికి ఉష్ణోగ్రత తోడవుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సంకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు ఇరుసు చుట్టూ అల్యూమినియం తొడుగు ఉందనుకుందాం. 30 డిగ్రీలు చల్లబడితే ఆ తొడుగు ఇరుసు కంటే 16, 17 మైక్రాన్లు ఎక్కువ కుదించుకుపోతుంది. వేడి గదిలో మిగిలి ఉన్న సందు అంతకంటే తక్కువైతే, చలి రాత్రి తొడుగు ఇరుసును పట్టేస్తుంది. అందువల్ల మౌంటును ఏ వాతావరణంలో వాడతామో దాదాపు ఆ వాతావరణంలోనే సర్దడం మంచిది. నట్టును ఇరుసు పక్కకు ఊగడం ఆగేదాకా బిగించి, అక్కడే ఆపాలి. బేరింగు మార్చాల్సి వస్తే, దాని మీది అంకెలే కొలత చెబుతాయి. 6008 అన్నదాంట్లో చివరి 08ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. రబ్బరు మూత ఉన్న రకం దుమ్మును బాగా ఆపుతుంది గానీ కాస్త బరువుగా తిరుగుతుంది, రేకు మూత రకం తేలిక. ఇరుసు మీదకు ఎక్కించేటప్పుడు లోపలి వలయం మీదే ఒత్తిడి పెట్టాలి. బయటి వలయం మీద కొడితే దెబ్బ గోళీల గుండా పోతుంది, దారిలో చిన్న గుంటలు పడతాయి, ఇక ఆ గుంటల్లో అక్షం ఎప్పటికీ ఆగుతూ తిరుగుతుంది.

అన్నీ తిరిగి బిగించాక మిగిలేది వార్మ్‌కూ చక్రానికీ మధ్య దూరం. దీన్ని చాలా మౌంట్లలో ఒకటి నెట్టే, ఒకటి లాగే స్క్రూల జతతో సర్దుతారు. ముందు అక్షాన్ని చుట్టంతా తిప్పి, ఎక్కువ బిగువుగా ఉన్న చోటు కనుక్కోవాలి. సర్దుబాటు అక్కడే చేయాలి. వదులుగా ఉన్నచోట సర్దితే, బిగువైన చోటికి వచ్చేసరికి మోటారు ఆగిపోతుంది. ఆ చోట వార్మ్ చక్రాన్ని ఆనించి, చేతికి తెలిసీ తెలియనంత ప్లే వచ్చేదాకా వెనక్కి తీయాలి. ప్లే అసలు లేకుండా చేయాలన్న కోరికే చాలా అక్షాలను బిగించేస్తుంది. మిగిలిన కొద్దిపాటి ప్లేకు వేరే దారులున్నాయి. ధ్రువ అక్షాన్ని తూర్పు వైపు కొంచెం బరువుగా ఉంచితే గేర్లు ఎప్పుడూ ఒకే పక్కన ఆనుకుని ఉంటాయి. డెక్లినేషన్‌కు గైడింగ్ సవరణలు ఒక దిశలోనే పంపేలా పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత టెలిస్కోపు పెట్టకుండానే అక్షాన్ని రెండు దిశల్లోనూ పలుసార్లు పూర్తిగా తిప్పితే గ్రీజు పళ్లంతటా సమంగా పరుచుకుంటుంది, అదనపుది పక్కకు వస్తుంది. దాన్ని తుడిచి, బిగువైన చోట ప్లేను మరోసారి చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో పాత బ్యాక్‌లాష్ (గేర్ల ప్లే) అంకె, వార్మ్ లోపాన్ని సవరించే పాత రికార్డు ఉంటే రెండింటినీ చెరిపేయాలి, ఎందుకంటే అవి విప్పకముందు ఉన్న గేర్లవి. బరువులు కొత్తగా తూచి, చల్లబడ్డాక ఒకసారి గైడింగ్ గ్రాఫ్ చూస్తే, డెక్లినేషన్ గీత పంపిన ప్రతి సవరణకూ వెంటనే స్పందిస్తోందో లేదో తెలిసిపోతుంది.