“నేననడం లేదు” అంటే కేసు పడదా?

కాపీ సరిచూసే డెస్కులో రోజూ తగిలే వాక్యం: “సెక్రటరీ గారు డబ్బు తిన్నారని మేం అనడం లేదు.” రాసినవాళ్లకి కొండంత ధైర్యం, చివర ‘అనడం లేదు’ ఉందిగా అని.

అపోహ: ఆ రెండు మాటలు తగిలిస్తే పరువునష్టం కేసు పడదు.

వాస్తవం: పడొచ్చు. వ్యంగ్యంగా చేసిన ఆరోపణ కూడా పరువునష్టం కావచ్చని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వివరణలోనే ఉంది. 2024 జులై 1కి ముందున్న ఐపీసీ 499లోనూ ఇదే మాట. శిక్ష 2 ఏళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజసేవ కూడా చేరింది. పేరు రాయలేదు కదా అంటారు. ‘మన అపార్ట్‌మెంట్ పాత సెక్రటరీ’ అన్నాక ఇక పేరెందుకు?

తెలుగులో ఇంకో చిక్కుంది. క్రియ చివరికొస్తుంది కాబట్టి ‘డబ్బు తిన్నారని’ ముందు చెవిన పడుతుంది, ‘అనను’ తర్వాత వస్తుంది. వీడియోలో ఆ చివరి ముక్క ఎవరైనా కత్తిరిస్తే మిగిలేది పచ్చి ఆరోపణే. ‘అనకూడదు గానీ’ అని ముందే మొదలుపెట్టినా లాభం లేదు, ‘గానీ’ దగ్గరే అందరూ చెవులు రిక్కిస్తారు.

పంపేముందు ‘అనను’, ‘చెప్పను’, ‘నాకెందుకులే గానీ’ కొట్టేసి చదవండి. మిగిలినదానికి కాగితం చూపించగలరా? లేకపోతే వాక్యమే తీసేయండి. నిజమైతే చాలనుకోకండి, క్రిమినల్ కేసులో ‘నిజమే చెప్పాను’ అనే మినహాయింపు కావాలంటే నిజంతోపాటు ప్రజాహితమూ చూపించాలి.

లెక్కలడిగితేనే కేసంటారేమోనని హడలిపోయేవాళ్లున్నారు, పాపం. “2 ఏళ్లుగా జమాఖర్చులు జనరల్ బాడీ ముందు పెట్టలేదు” అన్నది మినిట్స్‌లో కనిపిస్తుంటే సూటిగా అదే రాయండి. దానికి ముసుగెందుకు?

అపోహ: ఇలా ‘అనను’ అంటూనే అనేయడం పడమటి సరుకు. కాదు. చెప్పదలచినదాన్నే నిషేధించడం ఆక్షేపాలంకారమని 11వ శతాబ్దంలోనే సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు లక్షణం చెప్పాడు. చెప్పబోయేదాన్ని ఆపడం ఒకటి, చెప్పేసినదాన్ని కాదనడం ఇంకొకటి. “ముఖం కాదు, చంద్రుడు” అనేది అపహ్నుతి, దీంతో కలపొద్దు.

అపోహ: ఎన్ని ‘చెప్పను’లుంటే అంత దెబ్బ. కాదు, కచ్చితమైన వివరం ఉంటేనే దెబ్బ. క్రీ.పూ. 63లో కుట్రదారు కటిలీన్ మీద మాట్లాడుతూ రోమన్ వక్త సిసెరో, అతని ఆస్తి దివాలా సంగతి వదిలేస్తానంటూనే, వచ్చే ఐడ్స్‌కి (రోమన్ల నెల నడిమి రోజు) అది నెత్తిన పడుతుందని గడువు చెప్పాడు. ఆ నెల ఐడ్స్ అంటే 13వ తేదీ, ప్రసంగం నాటికి వారం కూడా లేదు. మనవాళ్లు ఆరు ‘చెప్పను’లు వరస పెడతారు. మూడోదానికే వినేవాడు, “చెప్పేయరాదూ!” అంటాడు.