సోలార్ సెల్‌లో మొదటి పికోసెకను: అపోహలు – వాస్తవాలు

సోలార్ సెల్స్‌లో కాంతిని పీల్చే స్ఫటిక పదార్థమైన పెరోవ్‌స్కైట్ పొరల మీద లేజర్ పల్స్ వేసి, లోపల పుట్టిన ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు) ఏమవుతున్నాయో చూడటం నా వృత్తి. కొత్త విద్యార్థుల నోట, సైన్సు వార్తల్లో పదేపదే వినబడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఫెమ్టోసెకన్లు కొలవాలంటే అంత వేగమైన డిటెక్టర్ కావాలి.

అక్కర్లేదు. ఒక పల్స్ శాంపిల్‌ను ఉత్తేజపరుస్తుంది, రెండోది కాస్త ఆగి వచ్చి చూస్తుంది. ఆ ఆలస్యాన్ని దూరంతో తెప్పిస్తాం. రెండో పల్స్ దారిలోని అద్దాన్ని 0.15 మిల్లీమీటరు జరిపితే, రానూపోనూ కలిపి ఒక పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఫెమ్టోసెకను అందులో వెయ్యో వంతు.

అపోహ: ఎలక్ట్రాన్లు ఎంత చురుగ్గా కదిలితే సెల్ అంత మంచిది.

సిలికాన్‌తో పోలిస్తే పెరోవ్‌స్కైట్‌లో ఎలక్ట్రాన్ల కదలిక చాలా నెమ్మది. అయినా 2009లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలైన ఈ సెల్స్ ఇప్పుడు 26 శాతం దాటాయి. హోల్‌తో మళ్లీ కలిసిపోయేలోపు ఎలక్ట్రాన్ పొర దాటాలి, అంతే. పొర మందం సుమారు అర మైక్రాను. మిశ్రమ హాలైడ్ పెరోవ్‌స్కైట్‌లో వాహకాలు (ఎలక్ట్రాన్లు, హోల్స్) మైక్రానుకు పైగా వెళ్లగలవని 2013లోనే తేలింది. వందల నానోసెకన్ల ఆయుష్షు వాటికి ఆ వ్యవధి ఇస్తోంది.

అపోహ: పెరోవ్‌స్కైట్‌లో ఎలక్ట్రాన్లు నెమ్మదిగా చల్లారతాయి కాబట్టి 'హాట్ క్యారియర్' సెల్ వచ్చేసినట్టే.

ఆశ న్యాయమైనదే. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావలసిన కనీస శక్తి) 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, నీలి ఫోటాన్ శక్తి సుమారు 2.7. మిగిలిన శక్తి దాదాపు పికోసెకనులోనే వేడిగా పోతుంది. ఎంత శుద్ధమైన స్ఫటికమైనా ఇది తప్పదు; 1961లో షాక్లీ, క్వైసర్ 30 శాతంగా లెక్కగట్టిన, ఇప్పటి లెక్కల్లో సుమారు 33 శాతమైన సామర్థ్య పరిమితికి ఇదో ముఖ్య కారణం. చల్లారకముందే ఎలక్ట్రాన్లను బయటికి లాగితే 66 శాతం దాకా సాధ్యమని 1982లో రాస్, నోజిక్ చూపారు.

కానీ ఆ నెమ్మదితనం ఏ పరిస్థితిలో కొలిచారో చూడాలి. లేజర్ కింద ఘన సెంటీమీటరుకు 10¹⁸ వాహకాలు, అంతకన్నా ఎక్కువ కూడా పుడతాయి. అంత కిక్కిరిసినప్పుడు ఎలక్ట్రాన్లు వదిలిన ఫోనాన్‌లు (స్ఫటిక కంపనాలు) చెదిరిపోయేలోపు వాటినే మళ్లీ పీల్చుకుంటాయి, అందుకే చల్లారడం ఆలస్యమవుతుంది. మామూలు ఎండలో ఉండే సాంద్రత అంతకు వందల రెట్లు తక్కువ. అక్కడ ఈ ఆలస్యం కనబడదు. వాహక సాంద్రత రాయని గ్రాఫును నేను నమ్మను, మా విద్యార్థులనూ నమ్మనివ్వను.

అపోహ: రెండో పల్స్ చూపే సిగ్నల్ తగ్గిందంటే చార్జ్ పక్క పొరలోకి చేరినట్టే.

లోపాల్లో చిక్కినా తగ్గుతుంది, తిరిగి కలిసిపోయినా తగ్గుతుంది. ముందు లేజర్ పవర్ మార్చి చూడండి. పవర్ పెంచినకొద్దీ క్షీణత వేగం పెరిగితే అందులో పెద్ద వాటా వాహకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడానిదే. తర్వాత గాజు మీది పొరను, ఎలక్ట్రాన్లను అందుకునే టిన్ ఆక్సైడ్ మీది పొరను పక్కపక్కన కొలవండి. టిన్ ఆక్సైడ్ మీద కాంతి ఉద్గారం తగ్గి, సెల్ వోల్టేజీ కూడా పడిపోతే, చాలా చార్జ్ ఆ సరిహద్దు దగ్గరే నశిస్తోందని అనుమానించాలి.