నలభై అడుగుల షికారు

మలక్‌పేటలో అద్దెకున్న రోజుల్లో మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. రాత్రి భోజనం కాగానే చెప్పులేసుకుని గేటు తీసేవారు. "ఈ వేళప్పుడు ఎక్కడికి చాచా?" అంటే "చహల్‌ఖదమీ, బేటా" అనేవారు. అదేదో హోటల్ పేరనుకున్నాను చాలాకాలం. తర్వాత తెలిసింది: చహల్ అంటే నలభై, ఖదం అంటే అడుగు. తిన్నాక నలభై అడుగులు వేసి రావడమన్నమాట. మా తాతగారు అదే సంగతి "భుక్త్వా శతపదం గచ్ఛేత్" అని సంస్కృతంలో చెప్పేవారు. ఒకరిది నలభై, ఒకరిది వంద. వేళ దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు: తిన్నాకే నడవాలి.

మనమేమో నడకను తెల్లవారుజాముకు అప్పజెప్పేశాం. పొద్దున్న ఐదున్నరకి కేబీఆర్ పార్కు చుట్టూ చూడండి, కార్ల వరస. నడవడానికి కారులో వస్తారు, గంట నడుస్తారు, కారులోనే వెళ్తారు. ఆపైన ఆఫీసు కుర్చీలో తొమ్మిది గంటలు, ట్రాఫిక్‌లో ఇంకో రెండు. రాత్రి పదింటికి అన్నం, తినీ తినగానే సోఫా, చేతిలో ఫోను. ఆ పొద్దుటి గంట వృథా అని నేననను. గుండెకీ, నిద్రకీ, మనసుకీ అది మేలే చేస్తుంది. కానీ రక్తంలో చక్కెర సంగతికొస్తే కండలతో అసలు అవసరం పడేది పళ్ళెం ముందు నుంచి లేచాకే.

ఒక చిన్న లెక్క వేద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో పరగడుపున ఆ మొత్తం రక్తంలో కరిగి ఉండే గ్లూకోజు 5 గ్రాములకు మించదు. అంటే ఒక్క టీ చెంచా! ఇప్పుడు రాత్రి భోజనానికి 300 గ్రాముల అన్నం తిన్నామనుకుందాం. పప్పు, కూర, పెరుగు పక్కన పెట్టినా అన్నంలోనే 80 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంది. అది అరిగి దాదాపు 16 చెంచాల చక్కెరగా మారి, ఒక్క చెంచా పట్టే చోటి గుండా రెండు మూడు గంటల్లో దాటిపోవాలి.

వానాకాలంలో పేపర్లో చదువుతుంటాం కదా, ఎగువ నుంచి వరద పెరిగింది, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు అని. 1908లో మూసీ ఊరిని ముంచెత్తాక ఆ వరదను పట్టి ఉంచడానికే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. జలాశయం ఎంతైనా పట్టేది ఇంతే. వరద మొదలవగానే గేట్లు లేస్తే గండం గడుస్తుంది. భోజనం తర్వాత రక్తానిదీ అదే అవస్థ. వచ్చిన చక్కెరలో పెద్ద వాటా పోయి నిలవుండేది కండల్లో, మరికొంత కాలేయంలో.

కండకణాలకున్న గేట్లను శాస్త్రవేత్తలు గ్లూట్-4 అంటారు. మామూలప్పుడు అవి కణం లోపలే ముడుచుకుని ఉంటాయి. క్లోమం నుంచి ఇన్సులిన్ వచ్చి తలుపు కొడితే కణం పైపొరకి చేరి, గ్లూకోజును లోపలికి రానిస్తాయి. రెండో రకం మధుమేహంలో ఇన్సులిన్ ఎంత తలుపు కొట్టినా లోపల సరిగా వినిపించదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే అంచనా ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకా ఆ గీత దాటకుండా అంచున ఉన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ.

అయితే ఆ గేట్లెత్తడానికి ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఊళ్ళో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు, గుర్తుందా? పై నుంచి కబురు వచ్చేదాకా ఆగడు. నీళ్ళు చూసి తనే తూము ఎత్తేస్తాడు. కండ బిగిసి సడలినప్పుడల్లా కణంలో కాల్షియం కదులుతుంది, శక్తి ఖర్చవుతుంది. ఆ సంకేతాలు అందగానే గ్లూట్-4 గేట్లు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే పైకొస్తాయి. ఇన్సులిన్ మాట వినని కండ కూడా ఈ నీరటి మాట వింటుంది. మన ఒంట్లో పెద్ద కండలు చాలావరకు తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉన్నాయి. కూర్చుంటే అవన్నీ సెలవులో ఉన్నట్టే. లేచి నడిస్తే అన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి.

దీన్ని మనుషుల మీద పరీక్షించి చూశారు కూడా. 2013లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు అరవై దాటిన పదిమందిని ఒక గదిలో ఉంచి, రోజంతా వాళ్ళ చక్కెర కొలిచారు. పొద్దున్న ఏకబిగిన 45 నిమిషాలు నడిపించి ఒకసారి, సాయంత్రం పూట 45 నిమిషాలు నడిపించి ఒకసారి, మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిపించి ఒకసారి. రోజు మొత్తం మీద చూస్తే ముక్కలు చేసిన నడక పొద్దుటి నడకకు తీసిపోలేదు. రాత్రి భోజనం తర్వాతి చక్కెరను దించడంలోనైతే పావుగంట నడకదే పైచేయి. పదిమందే కాబట్టి దీన్ని వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. కానీ అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగం కూడా ఇదే వైపు చూపించింది. బరువెక్కువున్న 19 మందికి తియ్యని పానీయం ఇచ్చి గంటల తరబడి కూర్చోబెట్టారు. ఇంకో రోజు అదే మనుషుల్ని ప్రతి 20 నిమిషాలకీ లేపి 2 నిమిషాలు మెల్లగా నడిపించారు. లేచి తిరిగిన రోజున చక్కెర పెరుగుదల దాదాపు పావు వంతు తగ్గింది. రెండు నిమిషాలంటే మామూలు నడకలో రెండు వందల అడుగులు. తాతగారి వందకు రెట్టింపు, అంతే.

అసలు కూర్చోవడం మీద శాస్త్రానికి మొదట అనుమానం కలిగింది బస్సులో. సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా 7జెడ్ డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది: డ్రైవరు కుర్చీలోంచి కదిలేవాడు కాదు, కండక్టరు మాత్రం మెట్లు దిగుతూ ఎక్కుతూనే ఉండేవాడు. లండన్ డబుల్ డెక్కర్లలో పనిచేసే వేలమంది ఆరోగ్యం లెక్కలు తీసిన జెరీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు 1953లో ప్రకటించిందేమిటంటే, డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ అని. కండక్టర్లు రోజుకు 500కు పైగా మెట్లు ఎక్కేవారు. తర్వాత ఆయనే తన ఫలితాన్ని తానే అనుమానించి, కంపెనీ కుట్టించిన ప్యాంట్ల కొలతలు తిరగేశాడు. డ్రైవర్ల నడుము ఉద్యోగంలో చేరినప్పటి నుంచే లావుగా ఉందని తేలింది. అంటే తేడా మొత్తం మెట్ల పుణ్యమే అనడానికి లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ ప్యాంట్ల ముచ్చటే. ఏమైనా ఆ తర్వాత డెబ్భై ఏళ్ళ పరిశోధన కూర్చోవడం మీద ఆయనకు కలిగిన అనుమానాన్ని బలపరుస్తూనే వచ్చింది. ఆయన కూడా 99 ఏళ్ళు బతికాడు.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాటంటారా, అది 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగుల మీటరు అమ్మిన కంపెనీ పెట్టిన పేరు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల పైచిలుకు ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులకే మేలు కనిపించింది, 7,500 దాటాక అది పెద్దగా పెరగలేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, నడిస్తే కనీసం పది నిమిషాలు ఏకధాటిగా నడవాలన్న పాత షరతు తీసేసింది.

ఇక మన ఊళ్ళో రాత్రిపూట నడవడం ఎలాగంటే, అదీ నిజమే. ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బండ్లుంటాయి, గల్లీలో కుక్కలుంటాయి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు సెల్లార్‌లో నాలుగు చుట్లు తిరగొచ్చు. వానైతే వరండా చాలు. కాళ్ళకు స్పర్శ తగ్గిన మధుమేహులు చెప్పులు లేకుండా నడవకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు చక్కెర మరీ పడిపోకుండా డాక్టరుతో ఒకమాట అనుకోవాలి. తిన్నాక నడిస్తే ఛాతీ పట్టేసినట్టుంటే దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోవాలి. బిర్యానీ తిన్న వెంటనే పరుగు మాత్రం వద్దు, పొట్టలోది గొంతుకొస్తుంది. మాట్లాడుకుంటూ నడిచే వేగం చాలు.

షికారు అనేది ఫారసీ మాట, అక్కడ దానర్థం వేట. మన దగ్గరికొచ్చేసరికి వేట రాలిపోయి ఊరికే తిరగడం మిగిలింది. చాచా నడక అలాంటిదే. గల్లీ చివర పాన్ డబ్బా దగ్గర ఆగేవారు, క్రికెట్ స్కోరు అడిగేవారు, ఎవరి పిల్లి ఈనిందో కనుక్కుని వచ్చేవారు. దాన్ని ఎవరైనా వ్యాయామం అని ఉంటే మర్నాటికే మానేసేవారని నా నమ్మకం.

మొన్న ఆ వైపు పనిబడి వెళ్ళినప్పుడు ఆ గేటు నుంచి గల్లీ చివరిదాకా నడిచి చూశాను. పాన్ డబ్బా ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపుంది. పోను రాను 1,140 అడుగులు, 12 నిమిషాలు. నలభై అని చెప్పి చాచా రోజూ ఇంత దూరం తిరిగొచ్చేవారు.