డిజేబిలిటీ పెన్షన్ అప్పీళ్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో మాజీ సైనికులకు అప్పీళ్లు రాసిపెట్టడం నా పని. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కూర్చోకముందే అనే మాట ఒకటే: "బోర్డు నానా రాసేసింది బాబూ, ఇంకేటి సేస్తాం?" 'నానా' (NANA) అంటే, జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని సైన్యం మెడికల్ బోర్డు రాసే మాట. దాన్ని పట్టుకునే డిజేబిలిటీ పెన్షన్ తిరస్కరిస్తారు.

అపోహ: మెడికల్ బోర్డు నానా అంటే ఇక అంతే.

కాదు. అది బోర్డు అభిప్రాయం మాత్రమే. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చేరేనాటికి జబ్బున్నట్టు రికార్డులో లేకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత జబ్బుతో బయటికొస్తే, దానికి సర్వీసుతో సంబంధం లేదని చూపాల్సింది జవాను కాదు, ప్రభుత్వం. చేరినప్పుడు ఆ జబ్బును పట్టుకోవడం సాధ్యం కాదనుకుంటే, ఎందుకో బోర్డే కారణం రాయాలి. 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్' (ఒంటి తత్వంలోనే ఉన్న జబ్బు) అని ఒక్క ముక్క గీకేస్తే చాలదు.

ఒక్క జాగ్రత్త. ఇది 1982 రూల్స్ కింద వచ్చిన తీర్పు. 2023 సెప్టెంబర్ 21 నుంచి బయటికొచ్చినవాళ్లకు కొత్త రూల్స్. వాట్సాప్‌లో రెండూ కలిపి తిప్పుతున్నారు, ఆ మెసేజ్‌లు నాకు పంపకండి.

టెక్కలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త ఆర్టిలరీలో చేశాడు, వినికిడి బాగా తగ్గింది. ఆయన లోపలికే రాలేదు, బయట టీ కొట్టు దగ్గర నిలబడిపోయాడు. "అబద్ధమాడి డబ్బులడిగినట్టు రాశారని ఆయన బాధ అన్నయ్యా" అంది. నానా అంటే మిమ్మల్ని అబద్ధాలకోరు అన్నట్టు కాదని నేనే బయటికెళ్లి, ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సొచ్చింది. టీ కొట్టంతా వినింది. గన్స్ దగ్గర ఎక్కడెక్కడ, ఎన్నాళ్లు పనిచేశాడో వివరంగా రాసి ఫస్ట్ అప్పీల్ పంపాం. ఇంకా జవాబు రాలేదు.

అపోహ: గడువు దాటింది, తలుపు మూసేశారు.

తిరస్కరణ ఉత్తరం అందాక ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అదీ పోతే ఇంకో ఆరు నెలల్లో రెండోది, ఆపైన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగొచ్చు. కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం, బాగా ఆలస్యంగా వెళ్తే బకాయిలు సాధారణంగా పిటిషన్‌కు ముందు మూడేళ్లకే వస్తాయి. ఊరుకున్న ప్రతి ఏడూ మీ జేబులోంచి పోయినట్టే.

మిగతావి గబగబా. యుద్ధంలో దెబ్బ తగిలితేనే ఇస్తారన్నది తప్పు. అప్పీలు చేస్తే ఉన్న సర్వీసు పెన్షన్ ఆపేస్తారన్నది ఒట్టి పుకారు, దానికోసం టెన్షన్ పడకండి. పాత రూల్స్ కింద, వైకల్యం 20 శాతం అని రాసి, సర్వీసుతో సంబంధం ఉందని ఒప్పుకుంటే, రౌండింగ్‌లో దాన్ని 50 శాతంగా లెక్కేస్తారు. పూర్తి కాలం చేసి రిటైరైన పాతవాళ్లకూ అది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసులో మనవాడున్నాడు, కమీషన్ ఇస్తే చేయిస్తానన్నవాడికి స్పర్శ్ (ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) ఓటీపీ చెప్పారో, అయిపోయారు.

వచ్చేటప్పుడు తిరస్కరణ ఉత్తరం, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్, రిలీజ్ మెడికల్ బోర్డు కాపీ తెండి. బోర్డు కాపీ లేకపోతే సమాచార హక్కు కింద రికార్డ్ ఆఫీసును అడగండి. రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.